మంచానికి అందని చాయ్

నేనింకా రెండు జడలు, ఎర్ర రిబ్బన్లతో గౌలిపురా గల్లీల్లో ఉరుకులాడే రోజులు... ఒక పొద్దున మా అమ్మ చేసిన పని ఇప్పటికీ మరిచిపోలేను.

నాయనమ్మ మంచంలో ఉంది. అమ్మ చాయ్ తెచ్చింది. రోజూలా చేతికివ్వలేదు... చెయ్యి చాపినా అందనంత దూరంలో పీట వేసి, దాని మీద పెట్టి, వెనక్కి చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది!

మా అమ్మేనా ఈమె?

అసలు సంగతి చెప్పాలి కదా... చలికాలంలో బయట నీళ్ల నల్లా దగ్గర పాచి మీద జారి నాయనమ్మ కాలు విరిగింది. ఎముకలు సరిచేసే పహిల్వాన్ దగ్గర కట్టు కట్టించాం. కట్టు విప్పిన రోజే ఎముక బాగా అతికిందని, ఇక నడవాల్సిందేనని ఆయన గట్టిగా చెప్పాడు. కానీ నాయనమ్మకు కాలు నేల మీద పెట్టాలంటేనే వణుకు. ఎప్పుడు అడిగినా రేపటి నుంచి నడుస్తాననేది... ఆ రేపు రాలేదు.

బాపు, అంటే మా నాన్న, పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. తల్లంటే ప్రాణం. మంచం మీదికే అన్నం, మంచం మీదికే నీళ్లు. సేవంటే అదే అనుకునేవాళ్లం అందరం.

ఏటా ఆషాఢంలో అమ్మవారికి మా ఇంటి బోనం కుండ నెత్తిన ఎత్తేది నాయనమ్మే. ఇక ఆమె బోనం ఎత్తినట్టేలే అని చుట్టాలంతా తేల్చేశారు.

అలాంటి మనిషికి అమ్మ చాయ్ దూరం పెట్టింది!

నాయనమ్మకు చాయ్ పొగలు కక్కుతూ ఉండాలి. చల్లారితే ముట్టదు. ఆమె పీట వైపు చూస్తూనే ఉంది... చాయ్ మీద మీగడ కట్టింది.

"నేనేమన్న కుక్కనా, గంత దూరం పెట్టిపోతున్నవ్?" అని ఒకటే లొల్లి.

నాకు ఏడుపొచ్చింది. కప్పు అందిద్దామని వెళ్తే అమ్మ నా రెక్క పట్టుకుని ఆపింది. గోడ మీద నుంచి చూసిన పక్కింటి ఫాతిమా ఖాలా చెంపలేసుకుని, నువ్వేం కోడలివే తల్లీ అని అమ్మను కడిగేసింది. రాత్రి బాపు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అప్పుడు అమ్మ, నాయనమ్మకు వినబడేలాగే అంది...

"అన్నీ గిట్ల చేతికందిస్తే అత్తమ్మ మంచానికే అతుక్కపోతది. ఒక్క అడుగెయ్యాలె... ఇయ్యాలకు గంతే."

మర్నాడూ పీట అక్కడే. ఆ మర్నాడూ అక్కడే...

ఒక పొద్దున నాయనమ్మ మంచంకోడు పట్టుకుని, వణుక్కుంటూ, తిట్టుకుంటూ... ఒక్క అడుగు వేసింది! పీట పక్కనే కూలబడి, సాసర్‌లో చాయ్ పోసుకుని, గుటకకో తిట్టు తిడుతూ తాగింది.

నేను వంటింటి వైపు చూశాను. అమ్మ తలుపు వెనకాల నిలబడి ఉంది... కొంగు నోట్లో కుక్కుకుని, పడితే పట్టుకోవడానికి ఒక కాలు గడప బయట పెట్టి.

తర్వాత పీట మెల్లమెల్లగా జరిగింది. గడప దాకా, వాకిలి దాకా, చివరికి ఆ నల్లా దాకా... తిట్లు తగ్గలేదు, నడకా ఆగలేదు. తెల్లారితే చాలు, ఆమె కాళ్లు వాటంతటవే కిందికి దిగేవి.

బోనాలొచ్చాయి. కుండకు పసుపు రాసి, వేపరెమ్మలు కట్టి, పైన దీపం పెట్టారు. నాయనమ్మ బదులు ఆ ఏడాది అమ్మ ఎత్తాలి. ఎప్పుడూ ఎత్తింది కాదు. డప్పులు మోగుతున్నాయి, అందరూ చూస్తున్నారు... అమ్మ తనవల్ల కాదని వెనక్కి జరిగింది.

అప్పుడు గుంపులోంచి వచ్చింది నాయనమ్మ. బోనం తీసి తన నెత్తిన పెట్టుకుంది! డప్పులవాళ్లు కొట్టడం మరిచిపోయారు. గల్లీ మొగదాకా నడిచి ఆగి, అమ్మను పిలిచి, బోనం ఆమె నెత్తి మీదికి మార్చింది. చేతులు మాత్రం వదల్లేదు.

"ఒక్క అడుగెయ్యి పిల్లా... ఇయ్యాలకు గంతే."

అమ్మ ఏడుస్తూనే అడుగేసింది. గుడిదాకా నడిచింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా మంచం దగ్గరికే వస్తుంది... చాయ్, మందులు, అన్నం, అన్నీ. అప్పటి అమ్మలా తిట్లు తిని మరీ చాయ్ దూరం పెట్టే మనిషే లేదు.

మీ ఇంట్లో మీ మేలు కోరి అట్లా చాయ్ దూరం పెట్టింది ఎవరు? చెప్పండి... వినాలని ఉంది.