కడగని కుండ

మా వీధిలో వెర్నురో అత్త బీరు తాగకుండా ఎవరూ రాజుల సమాధులు తొలిచే పనికి కొండెక్కేవారు కాదు. పొద్దున్నే రొట్టె, ఉల్లిపాయ, ఆవిడ బీరు. పాలు మాన్పించిన పిల్లలకూ అదే పోసేవారు. తవుడు తేలుతూ చిక్కగా ఉండేది. రెల్లు గొట్టంతో పీల్చాలి, లేకపోతే మీసాలకు జల్లెడ పని తప్పదు.

ఆవిడ భర్త కసా మామ రాళ్లు చెక్కేవాడు. ఎప్పుడో రాయి తగిలి ముందు పన్ను ఊడింది. తాగుతూ గొట్టం కొస నమిలి చదును చేసేవాడు. వాళ్లింట్లో ఏ గొట్టం చూసినా మధ్యలో సందున్న పళ్లగాటే. మేకలు నయమని నేనంటే చెప్పు విసిరేవాడు.

మామ పోయినప్పుడు అత్త అతనికి తోడుగా కుండ పెట్టాలనుకుంది. ఏదో ఒకటి పెట్టడానికి మనసొప్పక, బీరు కోసం రొట్టె నానబెట్టే పాత కుండనే, సమాధి గదిలో శవాన్ని దించిన బావిలోకి దింపించింది. పెళ్లయిన నాటి నుంచి కడగని కుండ అది. బావిని రాళ్లతో పూడ్చి మట్టి మెత్తారు.

ఆ తర్వాత అత్త బీరు పొంగడం మానేసింది. కొత్త కుండలో చల్లారిన జావలా పడి ఉండేది. పొంగు కోసం పక్కింటి బీరు అడుగు మడ్డి తెచ్చి కలిపితే అదీ చచ్చింది. జనం మర్యాదకు రెండు గుక్కలు మింగి వేరే గుమ్మాలకు మళ్లారు. బావి తవ్వి కుండ తెచ్చుకుందామన్నందుకు నా చెంప పగిలింది. చచ్చినవాడి సొత్తు ముట్టుకోకూడదంది. మామకు తన మీద కోపమని ఆవిడ నమ్మకం.

లోయ పండుగ వచ్చింది. ఆ రోజు ఎవరి సమాధి గదిలో వాళ్లు చచ్చిన తమవాళ్లతో కూర్చుని తాగాలి. ఈసారీ పొంగకపోతే కుండలన్నీ పగలగొట్టి, అన్న ఇంట్లో పిండి విసురుకుని బతుకుతానంది. పొంగని కుండను నా నెత్తిన పెట్టి పైకెక్కించింది. పూడ్చిన బావి పక్కన దింపించి, కొత్త గొట్టం గుచ్చింది.

"నీకిచ్చిన కుండ నీదే, అడగను. పొంగు మాత్రం నాకొదులు. మొదటి గుక్క నువ్వే తాగు."

బయటికొచ్చి తలుపు మూసి, దానికి వీపు ఆనించి కూర్చుంది. ఎర్రటి ఎండ. పక్కన నేను ఉల్లిపాయ నములుతున్నాను. లోపల బుడగలు లేచిన చప్పుడైంది. తర్వాత నెమ్మదిగా ఎవరో పీల్చినట్టు, గుటక వేసినట్టు.

అత్త తల తిప్పలేదు. "విన్నావా రా, కోతీ?"

"ఎలకలే అత్తా," అన్నాను. ఎలకలు గుటకలేయవని నాకూ తెలుసు.

తలుపు తీస్తే నురగ కుండ అంచు దాటి బావి మీది మట్టిని తడుపుతోంది. వాసనకు పక్క సమాధుల వాళ్లు కూడా వచ్చారు. గొట్టం కొస చదునై ఉంది. మధ్యలో సందుంది.

అందరూ నావైపే చూశారు. చచ్చినవాళ్లకు పోసిన బీరు మాయమైతే ఊళ్లో మొదట నా పేరే వస్తుంది మరి.

"నోరు తెరువు," అంది అత్త. గడ్డం పట్టి నా మొహాన్ని ఎండకేసి తిప్పింది. ముందు పళ్లన్నీ ఉన్నాయి. ఉల్లి కంపు తప్ప వేరే వాసన లేదు.

ఆవిడ గడ్డం వదిలేసి లోపలికెళ్లింది. ఆ గొట్టాన్నే తుడవకుండా నోట్లో పెట్టుకుని పీల్చింది. గొట్టం ఖాళీగా గురగురమంది. నురగ కింద గుక్కెడు కూడా లేదు.

"ఎప్పుడూ అంతే," అని గొణిగింది, "నాకు మిగల్చడు."