పిడికెడు బియ్యం

నిన్న డబ్బాల్లో అడుగున మిగిలిన రెండు రకాల బియ్యం కలిపి వండాను. అన్నం కొంత మెత్తగా, కొంత పలుకుగా వచ్చింది. మొదటి ముద్దకే చిత్తూరులోని మా పాత వంటిల్లు గుర్తొచ్చింది.

వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ అమ్మ అందులోంచి ఒక పిడికెడు చర్చికని విడిగా పెట్టిన కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం కానుకగా ఇచ్చేది. నాయన కాలు విరిగి పనికి పోలేని ఎండాకాలంలోనూ మానలేదు. మేము గంజి తాగుతుంటే దేవుడు మా అన్నం తింటున్నాడని నాకు కోపం. ఒకరోజు కుండలోంచి పిడికెడు తీసి మళ్ళీ మా చేటలో పోశాను. అమ్మ చూసింది.

ఆ ఆదివారం పాస్టరమ్మ ఒక సంచి మోసుకొచ్చింది.

"మీ నాయన లేసి తిరిగేదాకా ఈ బియ్యం మీకే పాపా" అనింది.

సంచిలో సన్నబియ్యం, లావుబియ్యం, నూకలు అన్నీ కలిసి ఉన్నాయి. వండితే సగం చిమిడింది, సగం ఉడకలేదు.

"ఇదేందిమా, ఇట్లుండాది?"

"శానా ఇండ్ల కుండల్లో బియ్యం గదా, ఒక్క తీరుగా యాడ ఉడుకుతాది" అనింది అమ్మ.

విశ్వాసం అనే మాట నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు. మర్నాడు మాత్రం అమ్మ చేట నా ముందుకు జరిపితే, కుండలోకి పిడికెడు నేనే తీశాను. నా చెయ్యి చిన్నది కదా అని రెండుసార్లు తీశాను.