పళ్ల మధ్య కట్టెపుల్ల

మీకంటే పని బాగా వచ్చినవాణ్ని చూసి మీ కడుపు ఎన్నడైనా మండిందా? నాది మండింది. నిజాం కాలంలో మోటారు సైకిళ్ల మెకానిక్ కావాలని నల్లగొండలో ఒక ఉస్తాద్ దగ్గర చేరాను. నాతోపాటు గొర్రెలు కాసే ఇంటివాడొకడు చేరాడు. కట్టెపుల్ల ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస పళ్ల మధ్య పట్టి, కళ్లు మూసుకుని లోపలి చప్పుడు వినేవాడు. నేను పూటంతా విప్పి వెతికే లోపాన్ని నిమిషంలో చెప్పేవాడు. ఆ కిటుకు నాకూ చూపించాడు, నాకు పట్టుబడలేదు.

ఒకనాడు బండి తెచ్చిన దొర అతణ్ని అట్లా చూసి జంకాడు. "కండ్లు మూసి ఏం మంత్రం చదువుతుండు? బాణామతి గిట్ల చేస్తడా?"

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "సదువుకున్నోనివి, నువ్వు చెప్పురా."

మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకునే నేను, "నాకేం ఎరుక" అన్నాను.

దొరకు భయపడి ఉస్తాద్ ఆ సాయంత్రమే ఆ గొర్రెల ఇంటివాణ్ని పనిలోంచి పంపేశాడు. పోతూ అతడు నన్ను ఒక్క మాటే అడిగాడు. "నీకు చూపిచ్చిన గదనే?"

అతని చోటు నాకు దక్కింది. ఆ పని నాకు ఎన్నటికీ రాలేదు.

మీ పక్కవాడి నేర్పును ఎవరైనా మంత్రమంటే, ఎంత అసూయ ఉన్నా నోరు విప్పండి. అతడు ఆ పని ఎలా చేస్తాడో అక్కడే, అందరి ముందూ చెప్పండి.