టూలో గేరు

విమానానికి సెకండ్ గేరు ఉండదని తెలుసుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. నలుగురికి కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడికి ఇది కాస్త ఎక్కువ సమయమేనని ఒప్పుకుంటాను. పైగా ఆ పది రోజులూ నేను సెకండ్ గేరు వేస్తూనే ఉన్నాను.

తొంభైల చివర్లో ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో, ఒక మేడ మీద ఉన్న కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఉదయగిరి నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోవడం. ఆ బస్సు నడిపేది మా అక్క మొగుడు. అంటే నా రాకపోకలన్నీ బావ చేతుల్లోనే ఉండేవి.

ఒక రోజు మా ఓనరు నెల్లూరు నుంచి సీడీ ఒకటి తెచ్చాడు. అందులో విమానం నడిపే ఆట. జెట్టు కాదు. రెక్కకొక పంకా ఉండి, యాభై మంది దాకా పట్టే విమానం. దాన్ని చూపిస్తే కొత్త బ్యాచికి జనం విరగబడతారని ఆయన ఆశ. నన్ను ఒక్క మాట అడక్కుండా కరపత్రాలు పంచేశాడు: వచ్చే నెల మొదటి ఆదివారం, చర్చి విడిచాక, మా సెంటర్లో విమానం దిగును, అందరూ రావలెను.

"దిగతదా అబ్బయా?" అని పంచడం అయ్యాక అడిగాడు.

"ఎక్కడమైతే బాగానే ఎక్కతా ఉండాది సార్."

"ఎక్కేది ఎవురిక్కావాల? ఆ పొద్దుటికి అది దిగకపోతే నువ్వు దిగిపోవాల" అని మెట్లు చూపించాడు.

అది దిగడమే గగనమైపోయింది. పైకి లేపడం పసిపిల్లల పని. దించబోతేనే కూతలు మొదలయ్యేవి. ఇంజన్ల జోరు తగ్గించగానే హారను ఒకటి, గేటు ముందు ఆగిన వ్యానువాడు చెయ్యి తియ్యడం మరిచిపోయినట్టు, ఆపకుండా మోగేది. మధ్యమధ్య బీప్ బీప్ అని వేరే చప్పుడు. ఇంకా కిందికొస్తే ఒక మగ గొంతు మహా చిరాగ్గా ఏదో అరిచేది. ఆ తరవాత నేల. ఆ తరవాత తెర మీద ఎర్రక్షరాలు.

బీప్ సంగతి ముందు తేల్చాను. స్పీకర్ల వైరు పీకేసి కూర్చున్నాను. అయినా మోగింది. అంటే అది విమానం కాదు, బల్ల కింది యూపీఎస్. కరెంటు పోయినప్పుడల్లా కూస్తోంది. అంతవరకూ నేను ఆకాశంలో ఆయిలు చూసుకున్నాను, తలుపులు చూసుకున్నాను, పోయింది మాత్రం ఆత్మకూరు కరెంటు!

ఇక గొంతు. ఆ మధ్యాహ్నం బస్సు ఆపుకుని బావ టీకి మా మేడెక్కాడు. అప్పుడే నా విమానం నేలకు దగ్గరవుతోంది. "టూలో గేర్! టూలో గేర్!" అని అరిచింది పెట్టె.

బావ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఒరే, అంత తేటగా చెపతా ఉంటే ఇనపళ్లేదా? టూలో గేరంట! సెకండ్‌లో వెయ్యమంటన్నాడు. సీతారామపురం కాడ దిగుడొస్తే నేనేసేది గూడా అదే."

నాకు ఒళ్లు పులకరించింది. ఇంగ్లీషు గొంతు తెలుగు విభక్తి ఎలా వాడుతోందని ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. మీటల పట్టికలో 'జి' అంటే గేరు అని ఉంది. బండి కదిలాక గేరు మార్చాలి కదా అని, నేల విడవగానే నేను దాన్ని ఒకసారి నొక్కుతూనే ఉన్నాను. బావ లెక్కలో ఒక నొక్కు అంటే ఫస్టు. టూ కావాలంటే దిగేముందు వరసగా రెండుసార్లు నొక్కాలి.

నొక్కాను. హారను ఒక్క క్షణం గుటక మింగి మళ్లీ అందుకుంది. నేల, ఎర్రక్షరాలు.

"క్లచ్చి తొక్కలేదురా నువ్వు" అన్నాడు బావ.

మర్నాటి నుంచి బస్సంతా నన్ను పలకరించడమే. "ఏం సారూ, టూలో పడిందా?" అని కండక్టరు టికెట్టు కొట్టేవాడు. "మా బామ్మర్దికి గేర్లు పడవు, ఇమానాలు పడతాయి" అని బావ స్టీరింగు వదలకుండానే అందరికీ వినిపించేవాడు.

ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది. శుక్రవారం నాడు కూతల పని పట్టాలని, ఆటలోని చప్పుళ్ల ఫైళ్లన్నీ తెరిచి ఒక్కొక్కటే మోగించుకుంటూ పోయాను. గొంతు ఫైలు దొరికింది. పేరు చూశాను. టి, ఓ, ఓ, ఎల్, ఓ, డబ్ల్యూ... ఆగిపోయాను. అంకె టూలో ఓ ఒకటే ఉంటుంది. ఇందులో రెండున్నాయి! నేను వెతుకుతున్న రెండు అదన్నమాట. సెకండూ లేదు, విభక్తీ లేదు. "మరీ కిందికొచ్చావు, గేరు!" అంటున్నాడు మహానుభావుడు.

మరి గేరేమిటి? విమానాన్ని లేపి, బయటి నుంచి చూసే బొమ్మ పెట్టి, జి నొక్కాను. చక్రాలు! ముడుచుకుని లోపలికి పోయాయి! మళ్లీ నొక్కాను. బయటికొచ్చాయి! గేరంటే గేరు కాదు, కాళ్లు. లేవగానే దాని కాళ్లు ముడిపించేది నేనే. దిగేముందు రెండుసార్లు నొక్కి, చాపబోయిన కాళ్లను మళ్లీ ముడిపించేదీ నేనే. చక్రాలు లోపలుంచి జోరు తగ్గించాను, హారను. ఒక్కసారి నొక్కాను, నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు ఎంత నచ్చిందంటే నాలుగైదుసార్లు మోగించి మరీ ఆపుకున్నాను. చివరికి కుర్చీలోంచి లేచి "కాళ్లు! కాళ్లు!" అని కేక పెట్టాను. పక్క గదిలో టైపు నేర్చుకునేవాళ్ల మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి.

ఆదివారం గది నిండిపోయింది. చంకలో బైబిళ్లతో వచ్చినవాళ్లు మెట్ల మీద కూడా నిలబడ్డారు. ముందు వరసలో బావ. జోరు తగ్గించాను. హారను మోగింది. ఒకావిడ చెవులు మూసుకుంది. ఓనరు నన్నూ మెట్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"టూలో ఎయ్యరా! రెండుసార్లు!" అని బావ కేకలు.

ఒక్కసారి నొక్కాను. మూడు కాళ్లకూ మూడు పచ్చదీపాలు వెలిగాయి. హారను నోరు మూసింది. రన్‌వే పెద్దదై, ఇంకా పెద్దదై, చక్రాలు ధబ్బున తగిలి, ఎగిరి, మళ్లీ తగిలి, పరుగెత్తి పరుగెత్తి ఆగింది. చప్పట్లు! ఓనరు నా భుజం మీద చెయ్యేసి, "నువ్వుండబ్బయా" అన్నాడు. విమానం దిగింది, నేను దిగలేదు.

"ఓస్, ఇంతేనా? ఇరవై ఏండ్ల సర్వీసురా నాది. లెయ్" అని బావ నన్ను లేపి కుర్చీలో కూర్చున్నాడు. నేను విమానాన్ని ఆకాశంలోకి లేపి, కాళ్లు ముడిపించి, చాలా మర్యాదగా అప్పగించాను. బావ జోరు తగ్గించాడు. హారను అందుకుంది. జి మీద వేలు పెట్టి, ఒకటి, రెండు అని లెక్కపెట్టి మరీ నొక్కాడు. అది ఆగినట్టే ఆగి ఇంకా గట్టిగా మోగింది. గొంతు కూడా మొదలైంది.

"ఏందిరా ఇది? ఏది నొక్కాలరా? జనం చూస్తా ఉండారు, నోరు తెరిచి చెప్పరా!"

నేను చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాను.

"డ్రైవరుతో మాట్లాడరాదు బావా. మీ బస్సులోనే, నీ తలకాయ పైన రాసుండాది."