మంచులో పట్టుకున్న చేయి

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు, అక్షరాలు రాకపోవడం. యాభై నాలుగో ఏట మా వీధి చివర టీచరమ్మ దగ్గర మధ్యాహ్నాలు కూర్చుని అ ఆలు దిద్దుకున్నాను. చేతికి రాత వచ్చింది కనుక ముందుగా నా పరువే తీసుకుంటున్నాను. ఒక అత్తగారిని కొండ మీదికి తీసుకెళ్లి, వేరే అత్తగారితో కిందికి దిగిన కోడలిని నేనే.

మాది పెడన, మగ్గం బతుకు. పదేళ్ల క్రితం మా వీధి ఆడవాళ్లం ఇరవై మందిమి బస్సు మాట్లాడుకుని అరకు బయల్దేరాం. మా అత్తగారికి అప్పటికే ఒక కన్ను కనపడదు, రెండోది మసకేస్తోంది. "ఇది కూడా పోయేలోగా మబ్బుల్ని దగ్గరగా చూడాలిరా" అని కొడుకుని అడిగింది. మా ఆయనకు తల్లంటే ప్రాణం. బస్సెక్కించేటప్పుడు నాతో అన్న మాట ఒకటే. "నువ్వు తప్పిపోయినా పర్లేదు, అమ్మ జాగ్రత్త."

ఆ జాగ్రత్త కోసమే కొండెక్కే రోజు ఆవిడకు నేను నేసిన చీర కట్టించాను. చిలకాకుపచ్చ చీర, ఆవపువ్వు రంగు అంచు. అదే పడుగు మీద నేసిన మిగతా చీరలు విజయవాడ బట్టల కొట్టుకు వెళ్లిపోయాయి. ఎంత గుంపులో ఉన్నా నా నేత నేను పోల్చుకోలేనా అని ధీమా. పోల్చుకున్నాను కూడా. గొడవంతా అక్కడే వచ్చింది.

మొదటి రోజు బొర్రా గుహలు చూపించాం. "ఈ చీకటి నాకు ఇంట్లోనే ఉందిగా, దీనికి టిక్కెట్టు దేనికే?" అంది అత్తగారు.

రెండో రోజు పొద్దున్నే కాఫీ తోటల పైన కొండ అంచుకు వెళ్లాం. కింద నుంచి మంచు లేచి వచ్చింది. గంజి పెట్టిన తెల్లటి పడుగును ఎవరో లోయ మీద మెల్లగా పరుస్తున్నట్టుంది. మిరియాల తీగలు పాకిన పొడుగాటి చెట్లు ఒక్కొక్కటే అందులోకి నడిచి వెళ్లిపోయాయి. అత్తగారు బండరాయి మీద కూర్చుని మబ్బులోకి చేయి చాచి, "తడిగా ఉందే" అంది, చంటిపిల్లలా. ఆవిడను అక్కడే ఉండమని నేను కాఫీ కోసం వెళ్లాను. కాఫీ తాగాను, మంచు చూశాను, మళ్లీ కాఫీ తాగాను. కొండ మీద ఉన్నానో కలలో ఉన్నానో తెలియకుండా ఒళ్లు తేలిపోయింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. "ఎక్కండమ్మా, చాపరాయి వాగు దగ్గర ఎండెక్కితే మళ్లీ నన్నే తిడతారు."

పరిగెత్తుకెళ్లాను. మంచులో ఆకుపచ్చా, పసుపూ కనబడ్డాయి. తల మీదుగా కొంగు, పైన శాలువా. "పదండత్తయ్యా" అని చేయి పట్టుకున్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా లేచి వచ్చింది. మీకైతే ఇక్కడే అనుమానం వచ్చేది. మా అత్తగారు మారు మాట్లాడకుండా లేవడం ఈ భూమ్మీద జరిగే పని కాదు. కానీ నేనప్పుడు భూమ్మీద లేను.

అత్తగారి పక్కన కూర్చోవడం మా ఇళ్లలో అలవాటు లేదు. ముఖంలోకి చూడటం అసలే లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి తల వంచుకునే మాట్లాడాను. బస్సులోనూ ఆవిడను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నేను వెనక సీట్లో నాగమణి పక్కన కూర్చున్నాను. నాగమణి మా ఎదురింటి కోడలు.

"చలేస్తోందా అత్తయ్యా?"

"లేదమ్మా. నీకేస్తోందా?"

పాతికేళ్లలో ఆవిడ నన్ను "ఏమే" అంది, "ఒసే" అంది, మగ్గం మీద పోగు తెగినప్పుడు ఇక్కడ రాయలేనివి కూడా అంది. "అమ్మా" మాత్రం అనలేదు.

"వక్కపొడి ఇవ్వనా?"

"నాకలవాటు లేదు తల్లీ, నువ్వేసుకో."

రోజుకు అరడబ్బా వక్కపొడి చప్పరించే మనిషి. "విన్నావా నాగమణీ, తల్లీ అంటోంది" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"కొండగాలి అక్కా. మా అత్తని కూడా తేవాల్సింది."

చాపరాయి దగ్గర మంచు లేదు. బండల మీద నీళ్లు తళతళా జారుతున్నాయి. బస్సు దిగుతుంటే పెద్దావిడ కొంగు జారింది.

"అక్కా, ఈవిడెవరు?" అంది నాగమణి.

"కళ్లు నులుముకో. మా అత్తయ్యే."

"మీ అత్తయ్యకి పళ్లెప్పుడొచ్చాయి?"

తలెత్తి చూశాను. ముత్యాల్లాంటి పళ్ల వరసతో ఒక కొత్త మనిషి నవ్వుతోంది. చీర మాత్రం నాదే.

"మీరెవరండీ?"

"మరియమ్మనమ్మా. గన్నవరం నుంచి మా చర్చి వాళ్లతో వచ్చా."

"మరి నేను పిలిస్తే వచ్చేశారేంటండీ?"

"నాకు కొడుకుల్లేరు, కోడళ్లు లేరు. ఎవరో పిల్ల చెయ్యి పట్టుకుని పదండత్తయ్యా అంది. బాగుందమ్మా. కాసేపయ్యాక చెబుదాంలే అనుకున్నా."

కోడలు లేని అత్త గుణవంతురాలని పెద్దలు ఊరికే అనలేదు. అత్త లేని కోడలి సంగతి మాత్రం వాళ్లు సరిగ్గా చూడలేదు. నీళ్లలో కాలు పెట్టకుండానే నేను వణికిపోతున్నాను. కళ్లు సరిగా కనపడని మనిషిని లోయ అంచున వదిలేసి వచ్చాను.

బస్సు వెనక్కి తిప్పించాం. దారంతా మరియమ్మగారు నా చేయి వదల్లేదు. కొండ మీద బండరాయి ఖాళీగా ఉంది. దాని అవతల అంతా తెలుపు. "అత్తయ్యా" అని అరిస్తే నా గొంతు దూదిలో చుట్టుకుని నా దగ్గరే పడిపోయింది. కాఫీ అమ్మే ఆవిడ నన్ను చూసి చెప్పింది. "పెద్దావిడ కోసమా? కింద మలుపులో చర్చి బస్సుంది, వాళ్లు కూర్చోబెట్టుకున్నారు. వాళ్ల మనిషి కూడా తప్పిపోయిందంట."

ఆ బస్సు ముందు సీట్లో, ఇద్దరు ఆడవాళ్ల మధ్య, దుప్పటి కప్పుకుని మా అత్తగారు. మరియమ్మగారు క్షేమంగా దొరకాలని వాళ్లు ప్రార్థన పాట పాడుతుంటే ఈవిడ తాళం వేస్తోంది. వెళ్లి కాళ్ల మీద పడ్డాను.

"ఉండవే, పాట అవనీ."

పాట అయింది. నా ఏడుపు అవలేదు.

"ఎలా పొరబడ్డావే?"

"చీర చూసి మీరే అనుకున్నానండీ."

"పాతికేళ్లుగా చీరతో కాపురం చేశావటే?"

రెండు బస్సుల వాళ్లూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఆ మంచులో ఒక్కదాన్నే కూర్చుని ఎన్నిసార్లు పిలిచానో తెలుసా? వీళ్లొచ్చి పక్కన కూర్చోబట్టి సరిపోయింది" అంది మెల్లగా.

కనుక పాఠకుల ఎదుట, మా మగ్గం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చీర ఎంత చక్కనిదైనా, సాక్షాత్తూ నేను నేసినదే అయినా, అందులో ఎవరున్నారో చూడకుండా ఇక ఏ మనిషినీ బస్సెక్కించను.

మర్నాడు పొద్దున లాడ్జి వసారాలో అత్తగారు ఎండ కోసం కూర్చుంది. నేను స్టూలు తెచ్చుకుని ఆవిడకు ఎదురుగా వేసుకున్నాను. తలెత్తి చూశాను. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉంది. మా ఆయనకూ సరిగ్గా అక్కడే ఉంటుంది.

"ఏంటే అలా చూస్తున్నావు?"

"గుర్తుపెట్టుకుంటున్నానండీ."

ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"ఉండు" అంది. "మొహం కడుక్కొస్తాను."