బావ చూసొచ్చిన పడవలు

మా బావ పోయాడన్న కబురు బెళుగుప్ప వైపునుంచి వచ్చిన లారీ డ్రైవరు తెచ్చాడు. నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో గుమాస్తాను. పెళ్లివాళ్లకు చీరలు విప్పి చూపిస్తున్నాను. "మీ బావ తెల్లారి పోయినాడప్పా. సేన్లోనే కూలబడినాడంట," అన్నాడతను. చేతిలో ఉన్న చీర మడతపెట్టి, యజమానికి చెప్పి బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఆ మెట్టచేను ఆయన్ని ఎప్పుడో ఒకప్పుడు తినేస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు.

మా అక్క మొగుడు గనుక నాకు బావ. ఊళ్లవాళ్లకు మాత్రం ఎద్దులను చూసే మనిషి. సంతలో ఎవరు జత కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుపోయేవాళ్లు. పళ్లు చూసి, సుడులు చూసి, నాలుగడుగులు నడిపించి గానీ నోరు విప్పేవాడు కాదు. "సూసేటప్పుడు తొందరపడగూడదు, కొన్నంక దిగులుపడగూడదు" అనేవాడు. అలాంటి మనిషికి, డెబ్బైల్లో వరసగా వానలు ఎగ్గొట్టిన కాలంలో, పడవల పిచ్చి పట్టింది.

చింతపండు లారీ వెంట మంగళూరు పోయి రావడంతో మొదలైందది. "సముద్రం ఒడ్డున పాత మరపడవలు అమ్మకానికి పెట్టినారు బామ్మర్దీ. ఆ సేద్యానికి వానతో పనే ల్యా," అన్నాడు. చేను అమ్మేసి, చేపలు పట్టే పాత ట్రాలరు ఒకటి కొని, కాపురం అక్కడికే మార్చాలని ఆయన ఆలోచన. చేపల వాసన తగిలితే పక్క వీధికి పోయే మనిషి! దూరపు కొండలు నునుపు బావా అని నేను నవ్వాను. అక్క నవ్వలేదు. "యాడికైనా పోదాం పద. ఈ బాయిలో సేది తోడి తోడి నా రెక్కలు పడిపోయినాయి," అంది. ఆ మాట విన్నాక నేనూ ఆయన వెంట బయల్దేరాను.

అప్పట్నుంచి వేరుశెనగ ఎండిపోయిన ప్రతి ఏడూ మాకు పడవలు చూసే పని పడేది. బెంగుళూరు దాకా ఒక బస్సు, అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు దిగే ఇంకో బస్సు. కన్నడం మాకు వచ్చినదే కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. రేవులో బావ ఒక్కో పడవ చుట్టూ తిరిగి, పిడికిలితో తట్టి చెవి ఆనించేవాడు. ఇంజను స్టార్టు చేయించి పొగ రంగు చూసేవాడు. "ఎన్ని చేతులు మారినాది? ఎందుకు అమ్ముతాండావు?" అని అడిగి, వాళ్లు చెప్పిన కారణం మాత్రం నమ్మేవాడు కాదు. ఒకదానికి ఇంజను మంచిదే గానీ అడుగు కుళ్లిపోయింది. ఇంకొకటి కొత్త రంగుతో మెరిసిపోతుంటే, "ముసిలెద్దు కొమ్ములకు రంగేసి తోలుకొచ్చినారు," అని కదిలాడు.

ఒకసారి కాఫీ తోటల ఆసామి ఒకాయన షికారు పడవ అమ్మకానికి ఉందంటే అదీ ఎక్కాం. లోపల మంచం, పొయ్యి, గోడకు అద్దం. బావ ఆ మంచం మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. "దీన్ని మీ అక్కకు సూపియ్యగూడదప్పా. మన ఇంటికి వంకలు పెడతాది," అన్నాడు.

మా సంతల్లో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తారు. బావ రేవులోనూ అదే చేశాడు. ఈ మనిషి తన చెయ్యి ఎందుకు పిసుకుతున్నాడో అర్థం కాక పడవ అమ్మే ఆయన నా మొహం చూశాడు.

ఎనభైలు వచ్చాక ఒక ట్రాలరు ఆయనకు నిజంగా నచ్చింది. అది నీళ్లలో లేదు. ఒడ్డున ఇసుక మీద, రేకుల కింద రెండేళ్లుగా పడి ఉంది. మిగతావన్నీ నాని వాసన కొడుతుంటే, ఇది తడితే ఖంగుమంటోంది. మా వైపు బండిచక్రాలకు కట్టెను ఏళ్ల తరబడి ఎండనిస్తారు. ఎండిన కట్టే మంచి కట్టె. "ఎంత బాగా ఎండినాదో సూడు," అని మురిసిపోయి, తొందరపడగూడదనే మనిషి అక్కడికక్కడే బయానా ఇచ్చేశాడు. చేను ఎవరికి అమ్మాలో కూడా చెప్పాడు. అక్క కష్టం తీరిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు దాన్ని నీళ్లలోకి దించారు. ప్రతి పలక సందులోంచీ నీళ్లు పైకొచ్చాయి. "ఏమప్పా, పగిలిన పడవ అంటగడతాండావా?" అని నేను అమ్మేవాడి మీదికి పోయాను. ఆయన కోప్పడలేదు. "పగల్లేదయ్యా, ఎండింది. కొన్నాళ్లు నీళ్లు తాగనివ్వండి. కట్టె ఉబ్బి సందులు అవే మూసుకుంటాయి. పడవను ఒడ్డున ఎండనివ్వకూడదు," అన్నాడు కన్నడంలో.

బావ నమ్మలేదు. మంగళూరులోనే సత్రంలో దిగి, రోజూ పొద్దున్నే పోయి చూసేవాడు. వాళ్లు నీళ్లు తోడేసేవాళ్లు. మళ్లీ వచ్చేవి, కానీ మొన్నటికన్నా తక్కువ. ఒక పొద్దున చూస్తే పడవ అడుగు పొడిగా ఉంది. బావ వంగి సందుల వెంబడి వేలితో తడుముకుంటూ పోయాడు.

"ఇన్నాళ్లు ఎండినా, నీళ్లు తాగితే మూసుకున్యాది," అన్నాడు.

"ఇంకేం బావా, ఖాయం చేసుకుందాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మన సేను గూడా ఇంతే గదా బామ్మర్దీ. అది సెడిపోల్యా. ఎండినాది, అంతే. ఒక్క మంచి వాన తాగితే మూసుకుంటాది. దాన్ని ఎట్ల అమ్మేది?"

బయానా వదులుకుని వచ్చేశాం. బస్సులో ఆయన పక్కన కూర్చోకుండా వెనక సీటుకు పోయాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఇల్లు చేరేసరికి అక్క మా మొహాలు చూసింది. బిందె తీసుకుని బావికి పోయింది.

తర్వాత ఆయన పడవల మాట ఎత్తలేదు. వాన ఒక ఏడు పడింది, మరో ఏడు మబ్బులు చూపించి పోయింది. చేను అమ్మి బెంగుళూరు పోతామని ఎవరన్నా వస్తే, "ఎండినదానికీ సెడినదానికీ తేడా సూసుకోండప్పా," అనేవాడు. వినీ వినీ నాకు విసుగొచ్చేది. అయినా అంగట్లో నిలబడి కాళ్లు లాగేసే సాయంత్రాలు అదే మాట నాకు నేను చెప్పుకునేవాణ్ని. ఈ మాట కోసమైనా ఆయనకు రుణపడి ఉన్నాను. చీర కొనేవాళ్లకు తిరగేసి చూడమని చెప్పడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన్ని ఆ చేన్లోనే పూడ్చాం. మూడో రోజు పాలు పొయ్యడానికి పోయినప్పుడు, సమాధి పక్కనే నేల నెర్రెలిచ్చి ఉంది. అందరూ తిరిగి బయల్దేరినా అక్క కదల్లేదు. బిందెలో మిగిలిన నీళ్లు నెర్రెలో పోసి, వంగి, వేలు పెట్టి చూసింది.

"ఇంకో బిందె తేప్పా. ఇంకా తాగుతాది," అంది.

బావిలో బిందె మునిగేంత నీళ్లు లేవు. చేదతో గీరి, దొరికినంత తెచ్చాను. అక్క అప్పటికీ నెర్రెలోంచి వేలు తియ్యలేదు.