ఇత్తడి బిందెలో రేడియో

చింతపండుతో తోమిన ఇత్తడి బిందెలో తల దూర్చి, “ఇది తెనాలి రేడియో కేంద్రం” అన్నవాళ్లు మీలో ఎంతమంది? నేను రోజూ అనేదాన్ని. నా గొంతు గుంయ్‌మని తిరిగొస్తుంటే ఒళ్లు పులకరించేది. ఓ రోజు బాబాయి బిందె లాక్కున్నాడు.

“ఏంటే ఆ అరుపులు? ఆడపిల్ల గొంతు వీధిలోకి వినపడకూడదు!”

మర్నాడు బిందెను వీధి అరుగు మీదికే మోసుకెళ్లాను.

ఇప్పుడు నేను రేడియో జాకీని. ఈ ఉదయం లైవ్‌లో ఫోనెత్తగానే హెడ్‌ఫోన్స్‌లో అదే గుంయ్. అవతలివాళ్లు ఇంట్లో రేడియో పెద్దగా పెడితే అలా మోగుతుంది. అందరికీ సౌండ్ తగ్గించమనే చెబుతాను.

“అమ్మాయ్, రేపల్లె నుంచి మీ బాబాయిని. ఓ పాట వెయ్యమ్మా.”

“వేస్తా బాబాయ్. ముందు ఆ రేడియో అరుగు మీద పెట్టి, సౌండ్ ఇంకా పెంచు. వీధంతా వినాలి.”